రెండే బెర్తులు: ఇంగ్లండ్ ఐదో అంచెలో 2022-23 సీజన్

ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో ఐదో అంచె నేషనల్ లీగ్. 2022-23 సీజన్‌లో అక్కడ ఒకటి కాదు, రెండు క్లబ్బులు వంద పాయింట్లు దాటాయి. రెక్సమ్ 46 మ్యాచ్‌లలో 34 గెలిచి, తొమ్మిది డ్రా చేసుకుని, 111 పాయింట్లతో విజేత అయింది. నాట్స్ కౌంటీ 32 గెలిచి, 11 డ్రా చేసుకుని, 107 పాయింట్లతో రెండో స్థానంలో ఆగిపోయింది. రెండు జట్లూ ఓడింది మూడేసి మ్యాచ్‌లే. గోల్స్ లెక్క తీస్తే నాట్స్ కౌంటీదే ఒకటి ఎక్కువ: 117, రెక్సమ్‌వి 116. అప్పటిదాకా ఈ లీగ్‌లో రికార్డు 2010-11లో క్రాలీ టౌన్ సాధించిన 105 పాయింట్లు. అంటే రెండో స్థానంలో ఉన్న జట్టు కూడా పాత రికార్డును దాటేసింది. మూడో స్థానంలోని చెస్టర్‌ఫీల్డ్‌కు వచ్చినవి 84 మాత్రమే. ఇంత చేసినా నేరుగా పై డివిజన్‌కు వెళ్లే హక్కు ఒక్క రెక్సమ్‌కే దక్కింది. నాట్స్ కౌంటీ తొమ్మిది నెలల శ్రమను మళ్లీ పణంగా పెట్టి ప్లేఆఫ్ ఆడాల్సి వచ్చింది.

ఇలా ఎందుకు జరిగిందో తెలియాలంటే అంచెల కట్టడం చూడాలి. పైన 20 జట్ల ప్రీమియర్ లీగ్. దాని కింద ఇంగ్లిష్ ఫుట్‌బాల్ లీగ్ నడిపే చాంపియన్‌షిప్, లీగ్ వన్, లీగ్ టూ. ఒక్కోదానిలో 24 జట్లు. ఈ 92 క్లబ్బులనే అక్కడి వాళ్లు లీగ్ క్లబ్బులంటారు. వాటి కింద ఎంత పెద్ద క్లబ్ ఉన్నా అది నాన్‌లీగే. నాన్‌లీగ్ శిఖరాన 24 జట్ల నేషనల్ లీగ్, దాని కింద ఉత్తర, దక్షిణ విభాగాలు, ఆ కింద ప్రాంతీయ లీగులు, జిల్లా స్థాయి దాకా. ప్రీమియర్ లీగ్ నుంచి ఏటా మూడు జట్లు దిగుతాయి, మూడు ఎక్కుతాయి. లీగ్ వన్, లీగ్ టూల మధ్య నాలుగు దిగుతాయి, నాలుగు ఎక్కుతాయి. నేషనల్ లీగ్‌కూ దాని కింది విభాగాలకూ మధ్య కూడా నాలుగే. ఒక్క లీగ్ టూకూ నేషనల్ లీగ్‌కూ మధ్య మాత్రం రెండే. ఆ రెండింటిలో ఒకటి విజేతది, రెండోది ప్లేఆఫ్ గెలిచినవాళ్లది. నేషనల్ లీగ్ క్లబ్ దృష్టితో చూస్తే పైకి వెళ్లే బెర్తులు రెండు, కిందికి తోసేవి నాలుగు.

ఈ తేడా ఆటలోంచి పుట్టింది కాదు. పంతొమ్మిదో శతాబ్దం చివర ఫుట్‌బాల్ లీగ్‌లో రెండు డివిజన్ల మధ్య మార్పిడిని టెస్ట్ మ్యాచ్‌లతో తేల్చేవాళ్లు. 1898లో స్టోక్, బర్న్‌లీ జట్లు చివరి టెస్ట్ మ్యాచ్‌కు దిగేసరికి డ్రా అయితే రెండింటికీ మొదటి డివిజన్ ఖాయమన్న పరిస్థితి. మ్యాచ్ 0-0గా ముగిసింది. గోల్ కోసం ఎవరూ కష్టపడలేదన్నది అందరికీ తెలిసిన సంగతే. ఆ దెబ్బతో టెస్ట్ మ్యాచ్‌లు పోయి, పట్టికలో స్థానాన్ని బట్టి దానంతటదే జరిగే ప్రమోషన్, రెలిగేషన్ వచ్చాయి. కానీ ఆ న్యాయం లీగ్ లోపలి డివిజన్లకే. లీగ్ అడుగు జట్లకూ బయటి జట్లకూ మధ్య 1987 దాకా నడిచింది ఓటింగ్. అట్టడుగున నిలిచిన నాలుగు క్లబ్బులు ‘రీ-ఎలక్షన్’ కోరేవి, బయటి క్లబ్బులు దరఖాస్తు పెట్టుకునేవి, లోపలున్న క్లబ్బులు ఓటేసేవి. సహజంగానే లోపలివాళ్లు లోపలివాళ్లకే వేసుకునేవాళ్లు. 1972లో న్యూకాజిల్‌ను ఎఫ్‌ఏ కప్‌లో ఓడించి పేరు తెచ్చుకున్న హెరిఫర్డ్‌కు చోటు దొరికింది, పోయింది బారో. నాలుగో డివిజన్ పట్టికలో బారో కన్నా కింద మరో రెండు జట్లున్నా ఓట్లు రాలేదు. బారో మళ్లీ లీగ్‌లోకి రావడానికి 48 ఏళ్లు పట్టింది.

1987లో ఓటింగ్ రద్దయింది. లింకన్ సిటీ దిగింది, స్కార్‌బరో ఎక్కింది. ఒక్క బెర్తు దొరికింది గానీ దానికి స్టేడియం ప్రమాణాల షరతు తోడైంది. 1994లో కిడర్‌మిన్‌స్టర్, 1995లో మాకిల్స్‌ఫీల్డ్, 1996లో స్టీవెనేజ్ వరసగా విజేతలై కూడా మైదానాలు సరిపోవన్న కారణంతో కిందే ఉండిపోయాయి. రెండో బెర్తు ఇచ్చింది 2002-03లో. ఆ ఏడు యోవిల్ విజేతగా, డాంకాస్టర్ ప్లేఆఫ్ ద్వారా పైకి వెళ్లాయి. ఆ తర్వాత రెండు దశాబ్దాల్లో నేషనల్ లీగ్ రూపురేఖలు మారిపోయాయి. ఒకప్పుడు పగలు ఉద్యోగం, సాయంత్రం సాధన చేసే ఆటగాళ్ల లీగ్. ఇప్పుడు ఎక్కువ క్లబ్బులు పూర్తికాలం ఆటగాళ్లతో నడుస్తున్నాయి. లీగ్‌లోంచి పడిపోయిన పాత పెద్ద క్లబ్బులు అక్కడ పోగుపడ్డాయి. ప్రీమియర్ లీగ్ తొలి సీజన్ ఆడిన ఓల్డమ్ కూడా 2022-23లో అక్కడే ఉంది. బెర్తులు మాత్రం రెండే.

రెక్సమ్, నాట్స్ కౌంటీ రెండూ అలా పడిపోయినవే. వేల్స్‌లో ఉన్నా ఇంగ్లిష్ వ్యవస్థలో ఆడే రెక్సమ్ 1864లో పుట్టింది, 2008లో లీగ్ నుంచి దిగింది. 2011-12లో 98 పాయింట్లు చేసి కూడా 103 చేసిన ఫ్లీట్‌వుడ్ వెనక ఆగి, ప్లేఆఫ్‌లో లూటన్ చేతిలో ఓడింది. ఏళ్ల తరబడి అభిమానుల ట్రస్టే దాన్ని నడిపింది. 2021 ఫిబ్రవరిలో హాలీవుడ్ నటులు ర్యాన్ రేనాల్డ్స్, రాబ్ మెకెల్హెనీ 20 లక్షల పౌండ్ల పెట్టుబడి హామీతో క్లబ్బును చేతిలోకి తీసుకున్నారు. డాక్యుమెంటరీ సిరీస్ రావడంతో ఐదో అంచె జట్టుకు అమెరికాలో అభిమానులు పుట్టుకొచ్చారు. నాట్స్ కౌంటీ కథలో ఇంత మెరుపు లేదు. 1862లో పుట్టి, 1888లో ఫుట్‌బాల్ లీగ్‌ను స్థాపించిన 12 క్లబ్బులలో ఒకటైన ఆ జట్టు 2019లో లీగ్ నుంచి జారింది. తర్వాత దాన్ని కొన్న రీట్జ్ సోదరులు డెన్మార్క్ వాళ్లు, ఫుట్‌బాల్ గణాంకాల విశ్లేషణ వ్యాపారంలో ఉన్నవాళ్లు. కోచ్ ల్యూక్ విలియమ్స్ జట్టు బంతిని దగ్గర పెట్టుకుని చిన్న పాసులతో ఆడేది. మెకాలే లాంగ్‌స్టాఫ్ ఆ సీజన్‌లో 42 లీగ్ గోల్స్ కొట్టాడు. రెక్సమ్ తరఫున పాల్ మలిన్ కొట్టినవి 38. కేంబ్రిడ్జ్ యునైటెడ్‌కు ఆడుతూ లీగ్ టూలో అత్యధిక గోల్స్ చేసిన మలిన్, మరుసటి ఏడాదే ఐదో అంచెకు దిగి రావడం రెక్సమ్ డబ్బు ఏపాటిదో చెబుతుంది. అయినా ఆ డబ్బుతో 111 పాయింట్లు చేసిన జట్టు, అలాంటి ఆర్భాటం లేని జట్టును దాటింది నాలుగే పాయింట్ల తేడాతో.

2023 ఏప్రిల్ 10, ఈస్టర్ సోమవారం. రెక్సమ్ రేస్‌కోర్స్ మైదానంలో రెండు జట్లూ సరిగ్గా వంద పాయింట్లతో ఎదురుపడ్డాయి. రెక్సమ్ చేతిలో ఒక మ్యాచ్ ఎక్కువ ఉంది. రెక్సమ్ 3-2తో ముందున్న వేళ, అదనంగా కలిపిన నిమిషాల్లో నాట్స్ కౌంటీకి పెనాల్టీ దొరికింది. సెడ్విన్ స్కాట్ కొట్టిన బంతిని గోల్‌కీపర్ బెన్ ఫోస్టర్ ఆపేశాడు. ఇంగ్లండ్ మాజీ కీపరైన ఫోస్టర్ రిటైర్మెంట్ నుంచి వెనక్కి వచ్చి కొన్ని వారాలే అయింది. వారం కిందటే నలభై నిండాయి. ఆ పెనాల్టీ లోపలికి వెళ్లి ఉంటే పోటీ చివరి రోజు దాకా సాగేదేమో. ఏప్రిల్ 22న బోరమ్ వుడ్‌ను 3-1తో ఓడించి రెక్సమ్ టైటిల్ ఖాయం చేసుకుంది. పదిహేనేళ్ల తర్వాత లీగ్‌లోకి తిరిగొచ్చింది.

ప్లేఆఫ్ నియమం రెండు, మూడు స్థానాల జట్లను నేరుగా సెమీఫైనల్లోకి పంపుతుంది. ఏడో స్థానం దాకా ఉన్న మిగతా నాలుగు అంతకుముందే ఒకదాన్నొకటి తొలగించుకుంటాయి. సెమీఫైనల్లో ఆరో స్థానపు బోరమ్ వుడ్, నాట్స్ కౌంటీపై దాని సొంత మైదానంలోనే 2-0 ఆధిక్యంలోకి వెళ్లింది. నాట్స్ ఆఖరి క్షణాల్లో స్కోరు సమం చేసి, 120వ నిమిషంలో జోడీ జోన్స్ గోల్‌తో బయటపడింది. మే 13న వెంబ్లీలో చెస్టర్‌ఫీల్డ్‌తో ఫైనల్. అక్కడా రెండుసార్లు వెనకబడి, 2-2తో పెనాల్టీ షూటౌట్‌కు చేరింది. షూటౌట్ కోసమే దింపిన కీపర్ ఆర్చీ మెయిర్ రెండు ఆపాడు. విజయపు పెనాల్టీ కొట్టింది ఏప్రిల్‌లో విఫలమైన స్కాటే. 4-3. మధ్యలో ఒక్క బంతి అటూ ఇటూ అయి ఉంటే 107 పాయింట్ల జట్టు మరో ఏడాది నాన్‌లీగ్‌లోనే ఉండేది. ప్లేఆఫ్ వల్ల సీజన్ చివరి దాకా ఎక్కువ జట్లకు ఆశ ఉంటుంది, టికెట్లు అమ్ముడవుతాయి. ఆ వాదన నిజమే. కానీ 23 పాయింట్ల తేడాను ఒక మధ్యాహ్నపు ఆటతో చెరిపేసే ఏర్పాటును న్యాయమనడం కష్టం.

సరిగ్గా అదే సీజన్‌లో భారత ఐ-లీగ్‌లో హైదరాబాద్ క్లబ్ శ్రీనిధి దక్కన్ రెండో స్థానంలో నిలిచింది. పై అంచె అయిన ఇండియన్ సూపర్ లీగ్‌కు విజేత పంజాబ్ ఒక్కటే వెళ్లింది. రెండో జట్టుకు ప్లేఆఫ్ కూడా లేదు. తర్వాతి ఏడాది శ్రీనిధి మళ్లీ రెండో స్థానమే. అదే 2023-24లో అదే నగరానికి చెందిన హైదరాబాద్ ఎఫ్‌సీ సూపర్ లీగ్‌లో అట్టడుగున నిలిచినా, రెలిగేషన్ లేదు కాబట్టి పైనే ఉండిపోయింది. 1987కు ముందు ఇంగ్లండ్‌లో బయట నిలబడ్డ క్లబ్బుల గోడు హైదరాబాద్ అభిమానికి వివరించి చెప్పనక్కర్లేదు.

మళ్లీ ఇంగ్లండ్‌కు వస్తే, 2022-23లో నేషనల్ లీగ్ అడుగు నుంచి యోవిల్, టార్కీ, స్కన్‌థార్ప్, మెయిడ్‌స్టోన్ దిగిపోయాయి. టార్కీ భవితవ్యం చివరి రోజు తేలింది. అప్పటికే విజేత అయిన రెక్సమ్‌తో 1-1 డ్రా చేసుకున్నా సరిపోలేదు. స్కన్‌థార్ప్ పతనం అన్నింటికన్నా లోతైనది. పేరొందిన ఆటగాళ్లు కెవిన్ కీగన్, రే క్లెమెన్స్ కెరీర్ మొదలుపెట్టిన క్లబ్ అది. క్రికెటర్ ఇయాన్ బోథమ్ కూడా ఆ జట్టుకు కొన్ని లీగ్ మ్యాచ్‌లు ఆడాడు. 2010-11లో చాంపియన్‌షిప్‌లో ఉన్న జట్టు 2022లో నాలుగో అంచెను, 2023లో ఐదో అంచెనూ పోగొట్టుకుని ఆరో అంచెకు చేరింది. పడేటప్పుడు బడ్జెట్ పై అంచెదే ఉంటుంది, ఆదాయం కింది అంచెదైపోతుంది. టీవీ హక్కుల వాటా, ప్రీమియర్ లీగ్ నుంచి వచ్చే సాయం లీగ్ క్లబ్బులకు అందినంతగా నాన్‌లీగ్‌కు అందవు.

అదే సీజన్‌లో లీగ్ టూ నుంచి దిగొచ్చినవి రోచ్‌డేల్, హార్ట్‌లీపూల్. రోచ్‌డేల్ 1921లో థర్డ్ డివిజన్ నార్త్ ఏర్పడినప్పుడు లీగ్‌లోకి వచ్చి, 102 ఏళ్ల తర్వాత తొలిసారి బయటపడింది. 1921లోనే ఆ డివిజన్‌లోకి హార్ట్‌లీపూల్, రెక్సమ్ కూడా వచ్చాయి. కింది విభాగాల నుంచి ఏఎఫ్‌సీ ఫైల్డ్, ఎబ్స్‌ఫ్లీట్ విజేతలుగా, కిడర్‌మిన్‌స్టర్, ఆక్స్‌ఫర్డ్ సిటీ ప్లేఆఫ్ ద్వారా నేషనల్ లీగ్‌కు ఎక్కాయి. వీటిలో చివరి రెండూ ఏడాది తిరక్కుండానే కిందికి వెళ్లిపోయాయి. వాటితోపాటు దిగిన వాటిలో, వెంబ్లీకి అంత దగ్గరగా వచ్చిన బోరమ్ వుడ్ కూడా ఉంది.

తర్వాతి సీజన్ లెక్కలు కూడా చూడాలి. 2023-24లో రెక్సమ్ 88 పాయింట్లతో లీగ్ టూలో రెండో స్థానం సాధించి మళ్లీ ఎక్కింది. అక్కడ రెండో స్థానానికి ప్లేఆఫ్ అవసరం లేదు, మొదటి మూడు జట్లూ నేరుగా వెళ్తాయి. నాట్స్ కౌంటీ 14వ స్థానంలో హాయిగా నిలబడింది. చెస్టర్‌ఫీల్డ్ 98 పాయింట్లతో నేషనల్ లీగ్ విజేత అయింది. ఆరో అంచెకు దిగిన మెయిడ్‌స్టోన్ ఎఫ్‌ఏ కప్‌లో చాంపియన్‌షిప్ జట్టు ఇప్స్‌విచ్‌ను ఓడించింది. నాలుగో అంచెకూ దాని కింద ఉన్నవాళ్లకూ మధ్య ఆటలో ఎంత తేడా ఉందన్న ప్రశ్నకు ఈ ఫలితాలు ఇచ్చే జవాబు ఒక్కటే: బెర్తుల లెక్క సూచించినంత లేదు.

2025లో నేషనల్ లీగ్‌కు చెందిన మూడు విభాగాల్లోని 72 క్లబ్బులూ మూడో బెర్తు కోసం ‘త్రీ అప్’ పేరుతో ఉద్యమం మొదలుపెట్టాయి. ఒప్పుకోవాల్సింది అవతలి 72 క్లబ్బులు, అంటే ఇంగ్లిష్ ఫుట్‌బాల్ లీగ్ సభ్యులు. పైనున్న రెండు డివిజన్లకు దీనివల్ల వెంటనే వచ్చే నష్టం లేదు. లీగ్ టూలోని 24 క్లబ్బులకు మాత్రం ఏటా ఒక జట్టు ఎక్కువగా బయటికి పోయే ముప్పు పెరుగుతుంది. 2023లో ఆ ఇరుకు దారిలోంచి గట్టెక్కిన నాట్స్ కౌంటీ కూడా ఇప్పుడు ఓటున్న వాళ్లలో ఒకటి.