నాలుగో ఏడాది సంగతేమిటి?

2024 జూలై నెలాఖరు. చిలుకూరు సెంటర్లో టీ కొట్టు దగ్గర పేపరు విప్పగానే అందరి కళ్లూ ముందు పడేది సాగర్ నీటిమట్టం మీదే. 590 అడుగులకు ఎంత దూరంలో ఉంది, శ్రీశైలం నుంచి ఎంత వదులుతున్నారు, ఇవే కబుర్లు. అంతకు ముందు ఏడాది వానలు ముఖం చాటేశాయి. ఆ యాసంగికి ఎడమ కాలువ కింద వరికి నీళ్లు లేవు. అక్కడ కూర్చున్న ఓ పెద్దాయన మాత్రం ధీమాగా ఉన్నాడు.

"నిరుడు ఎండగట్టింది గదయ్యా, ఈయేడు ఖాయంగా నిండుద్ది. వరసగా రెండేళ్లు ఎండుద్దా ఎక్కడన్నా?"

ఆ ధీమాతోనే మూడెకరాలకు సరిపడా నారు పోసేశాడు. అందులో రెండెకరాలు కౌలు.

ఆగస్టులో సాగర్ గేట్లెత్తారు. పెద్దాయన మాటే నెగ్గింది. సెప్టెంబరు 1న కుంభవృష్టి కురిసి, నడిగూడెం మండలం కాగిత రామచంద్రాపురం దగ్గర ఎడమ కాలువకు గండి పడింది. కోదాడ చుట్టుపక్కల చేలు మునిగాయి. గండి పూడ్చేదాకా కింది ఆయకట్టు ఎదురు చూడాల్సి వచ్చింది. నీళ్లు లేక ఒక ఏడు, నీళ్లు ఎక్కువై ఒక ఏడు!

డ్యాం నిండింది కాబట్టి పెద్దాయన లెక్క సరైందేనా అంటే, కాదనే నా అభిప్రాయం. ఫలితం బాగుండటం వేరు, లెక్క బాగుండటం వేరు. కళ్లు మూసుకుని హైవే దాటినవాడు అవతలికి క్షేమంగా చేరినా, దాన్ని మనం తెలివి అనం గదా. 'నిరుడు ఎండింది, ఈయేడు నిండుద్ది' అనే మాట మన ప్రాంతంలో ఎన్ని కుటుంబాలను అప్పుల్లోకి నెట్టిందో చూసినవాణ్ని కనుక దీన్ని కాస్త వివరంగా రాస్తున్నాను.

నికర జలాలు అనే మాట మనం రోజూ వింటాం. మీటింగుల్లో నాయకులు గొంతు చించుకుంటారు. ఆ మాటకు అర్థం ఎంతమందికి తెలుసు? కృష్ణా జలాల పంపకానికి 1969లో వేసిన బచావత్ ట్రిబ్యునల్ 1894-95 నుంచి 1971-72 దాకా, 78 ఏళ్ల ప్రవాహం లెక్కలు ముందు పెట్టుకుంది. ఎక్కువ నీళ్లొచ్చిన ఏడాది నుంచి తక్కువ వచ్చిన ఏడాది దాకా వరసగా పేర్చి, నూటికి 75 ఏళ్లలో ఎంత నీరు తప్పకుండా దొరుకుతుందో చూసింది. అది 2060 టీఎంసీలని తేల్చి, దాన్నే మూడు రాష్ట్రాలకు పంచింది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటా 800 టీఎంసీలు.

అంటే నికర జలం అంటే ప్రతి ఏడూ వచ్చే నీరు కాదు. నాలుగేళ్లలో మూడేళ్లు వచ్చే నీరు. నాలుగో ఏడాది తక్కువ పడుతుందని కాగితం మీద ముందే రాసి ఉంది. మనకు మాత్రం ఎవరూ విడమరిచి చెప్పలేదు. 1967 ఆగస్టులో కాలువలకు తొలిసారి నీళ్లు వదిలినప్పటి నుంచి 'సాగర్ ఉంది, ఇక ఢోకా లేదు' అనే ధైర్యంతో బతికాం. 2002లోనూ, ఆ వెంటనే 2003లోనూ కృష్ణమ్మ మొండిచెయ్యి చూపింది. 'వరసగా రెండేళ్లు ఎండుద్దా' అన్న ప్రశ్నకు మన కాలువే అప్పుడు జవాబు చెప్పింది. 2015లో కాలువకు తాగునీళ్లు వదలడమే గగనమైంది.

నమ్మకం కుదరకపోతే ఇంట్లో ఒక పని చేసి చూడండి. రెండు రూపాయి బిళ్లలు ఒకేసారి ఎగరెయ్యండి. రెండూ బొమ్మే పడితే కరువు ఏడాది. ఇంకెలా పడ్డా నీళ్లొచ్చిన ఏడాది. ఇది సరిగ్గా నాలుగింట ఒకటి. నలభై సార్లు ఎగరేసి ఏ ఏడు ఎలా పడిందో కాగితం మీద రాయండి. నేను మా పిల్లలతో ఈ ఆట ఆడితే పన్నెండు కరువులు పడ్డాయి. ఒకచోట వరసగా మూడు పడ్డాయి. ఇంకోచోట తొమ్మిదేళ్లు కరువన్నదే లేదు. కిందటిసారి ఏం పడిందో బిళ్లకు గుర్తుండదు. మబ్బుకూ గుర్తుండదు. నిజానికి నది బిళ్లకన్నా మొండిది. ఎండిన ఏడాది తర్వాత డ్యాం అడుగంటి ఉంటుంది కాబట్టి, నిండాలంటే మామూలుకన్నా ఎక్కువ వరద రావాలి. కరువు మరుసటి ఏడాది ధైర్యం పెరగడం కాదు, కాస్త తగ్గాలి.

ఇంకో లెక్క. నాలుగేళ్లూ వరసగా నీళ్లు వచ్చే అవకాశం ఎంత? ముప్పావులో ముప్పావు, అందులో ముప్పావు, అందులో మళ్లీ ముప్పావు. నూటికి 32 మాత్రమే. అంటే నాలుగేళ్లు కౌలుకు పట్టినవాడికి కనీసం ఒక్క ఎండు ఏడాదైనా తగలడానికి నూటికి 68 పాళ్లు అవకాశం ఉంది. పైగా ఈ 75 శాతం అనేది మొత్తం నదికి. మేజరు మొదట్లో ఉన్నవాడికీ, మైనరు చివర తూము కింద ఉన్నవాడికీ ఒకే 75 ఎలా అవుతుంది? మీ పొలానికి అది 60 కావచ్చు, 50 కావచ్చు. అది ట్రిబ్యునల్ చెప్పదు, మీ ఇంట్లో పెద్దవాళ్లు చెప్పాలి. ఫలానా పిల్ల పెళ్లయిన ఏడు కాలువ ఎప్పుడొచ్చింది, ఎప్పుడు ఆగింది, ఎన్ని బస్తాలు అయ్యాయి అని అడిగితే, ఇరవై ఏళ్ల చరిత్ర ఒక్క పూటలో నోటుబుక్కులోకి వస్తుంది. పంచాంగం చెప్పే ఆదాయవ్యయాలకన్నా ఆ బుక్కు విలువైనది.

ఇప్పుడు డబ్బుల సంగతి. ఈ అంకెలు లెక్క కోసం వేసుకున్నవి, మీ ఊరి ఖర్చులు మీరు పెట్టుకోండి. ఎకరం వరికి కోతతో సహా 30 వేలు పెట్టుబడి అనుకుందాం. 25 క్వింటాళ్లు పండి, 2024-25 మద్దతు ధర 2,300 వస్తే చేతికి 57,500. మిగులు 27,500. నీళ్లు ఆగి పొట్ట దశలో ఎండిపోతే కోత ఖర్చు ఉండదు గానీ దుక్కి, నాట్లు, ఎరువులు, మందులు కలిపి 22 వేలు పోతుంది. మూడేళ్లు లాభం, ఒక ఏడు నష్టం. 82,500 లోంచి 22,000 తీస్తే 60,500. ఏడాదికి సుమారు 15 వేలు. పర్వాలేదు, వరి వెయ్యొచ్చు.

ఇదే పొలాన్ని కౌలుదారు చేశాడనుకోండి. ఎకరాకు 15 వేలు ముందే ఇచ్చాడు. మంచి ఏడాది మిగిలేది 12,500. ఎండిన ఏడాది పోయేది 37,000. మూడు మంచి ఏళ్లకు 37,500 వచ్చింది, ఒక్క చెడ్డ ఏటికి 37,000 పోయింది. నాలుగేళ్ల చాకిరీకి మిగిలింది 500 రూపాయలు, ఏడాదికి 125! ఇందులో ఆలుమగల రెక్కల కష్టం కట్టలేదు, అప్పు వడ్డీ కట్టలేదు. అదే నేల, అదే నీరు. ఒకడికి లాభం, ఇంకొకడికి గుండుసున్న. మన మండలాల్లో కౌలు మాట్లాడేటప్పుడు ఈ నాలుగో ఏడాది ఊసే రాదు. మూడు మంచి ఏళ్లు చూసి కౌలు పెంచుతారు, నాలుగో ఏడు మొత్తం కౌలుదారు నెత్తిన పడుతుంది. 2018లో మొదలైన రైతుబంధు సాయం కూడా పట్టా ఉన్నాయన ఖాతాలోకే పోయింది. అందుకే కౌలు సగం ముందు, మిగతా సగం పంట చేతికొచ్చాక ఇచ్చేటట్టు మాట్లాడుకోవాలంటాను. నీళ్లు రాని ఏడు ఆ రెండో సగం వదిలేస్తే కౌలుదారు నష్టం 37 వేల నుంచి 29,500కు దిగుతుంది. భూస్వామికి ఇది రుచించదని తెలుసు. అయితే కౌలుదారు మునిగితే వచ్చే ఏడు ఆ చేను చేసేదెవరు?

సొంత భూమి రైతు కూడా నిశ్చింతగా ఉండటానికి లేదు. పైన చెప్పిన ఏడాదికి 15 వేల సగటు నాలుగేళ్లు ఆగగలిగినవాడికే దక్కుతుంది. ఇరవై ఎకరాల ఆసామికి చెడ్డ ఏడు ముందొచ్చినా, వెనకొచ్చినా ఒకటే. రెండెకరాల మనిషికి చెడ్డ ఏడు ముందే వస్తే? 44 వేలు పోయి, నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే ఏడాదికి వడ్డీయే 10,560. మళ్లీ పెట్టుబడికి 60 వేలు కావాలి. షావుకారు ఇవ్వనంటే ఆట అక్కడితో సరి. రాబోయే మూడు మంచి ఏళ్లు అతనికి కాదు, అతని పొలం కొన్నవాడికి.

కాబట్టి 'ఎంత వస్తుంది' అని అడిగేముందు, 'పోతే తట్టుకోగలనా' అని అడగాలి. తట్టుకోలేనివాడు ఒక ఎకరం వరి, ఒక ఎకరం పెసరో, మినుమో, కందో వెయ్యడం మేలు. ఇది ఊరికే రాదు సుమా. ఆరుతడి పంటకు మంచి ఏడు 8 వేలు మిగులు, చెడ్డ ఏడు 2 వేల నష్టం అనుకుంటే, రెండెకరాలూ వరి వేసినదానితో పోలిస్తే నాలుగేళ్లలో 38,500 తక్కువ వస్తుంది. చెడ్డ ఏటి దెబ్బ మాత్రం 44 వేల నుంచి 24 వేలకు తగ్గుతుంది. ఆ 38,500 ధైర్యానికి కట్టే ఖరీదు. గేదెలున్నవాడు, కొడుకు ఉద్యోగంలో ఉన్నవాడు ఆ ఖరీదు కట్టనక్కర్లేదు, రెండెకరాలూ వరి వేసుకోవచ్చు. పక్కవాడు వేశాడని మనం వెయ్యడం, మానాడని మనం మానడం రెండూ తప్పే. వాడి ఇంటి లెక్క వాడిది.

బీమా కంపెనీ చేసేదీ ఇదే లెక్క. వేలమంది దగ్గర తలా కొంచెం వసూలు చేసి, కొందరి నష్టం పూడుస్తుంది. సగటు దానికి దొరుకుతుంది, మనకు ఒక్కరికి దొరకదు. 2016లో వచ్చిన ఫసల్ బీమాలో వానాకాలం తిండి పంటలకు రైతు కట్టాల్సింది నూటికి 2 రూపాయలే. 2020లో తెలంగాణ ఆ పథకంలోంచి తప్పుకుంది. 2023 ఎండకూ, 2024 వరదకూ మనం ఆ గొడుగు లేకుండానే నిలబడ్డాం. ఆ పథకంలో లోపాలు లేవని అనను. పంట కోత ప్రయోగం ఊరి సగటు చెబుతుంది, మీ చేను ఎండి ఊరు పండితే మీకు పైసా రాదు. అయినా చిల్లుల గొడుగు పారేసి వానలో నిలబడటం ఏం తెలివో నాకు అర్థం కాలేదు.

ఖర్చు లేకుండా దొరికేది ఒకటుంది, ఆగడం. సాంబ మసూరికి 150 రోజులు కావాలి. తెలంగాణ సోనాకు 125 రోజులు చాలు. ఆ పాతిక రోజులే మన చేతిలో ఉన్న తురుపుముక్క. జూలై మొదట్లో సాగర్ నిండుతుందో లేదో ఎవరూ చెప్పలేరు. ఆగస్టు మొదటి వారానికి చాలావరకు తేలిపోతుంది. స్వల్పకాలిక రకం విత్తనం ఇంట్లో పెట్టుకున్నవాడు నీళ్లు చూసి నారు పొయ్యొచ్చు. మిల్లరు సన్నరకానికి రెండొందలు ఎక్కువిస్తాడని ముందే దిగినవాడు బిళ్ల ఎగరేసినట్టే. మీ నేలకు ఏ రకం నప్పుతుందో గడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి, దగ్గరే గదా.

బోర్ల సంగతి ఒక్క ముక్క. 'నాలుగు వేశాను, ఐదోది పడకపోద్దా' అనే మాటకూ, టీ కొట్టు పెద్దాయన మాటకూ తేడా లేదు. పై నాలుగు బోర్లు ఎండిపోయాయని కింది రాయికి తెలియదు. పోయిన డబ్బు పోయింది, దాన్ని రాబట్టుకోవడానికి ఐదో బోరు వెయ్యకూడదు. అదే మొదటి బోరైతే ఈ జాగాలో వేసేవాణ్నా అని అడగండి. కొబ్బరికాయ పట్టుకుని నీళ్లు చూపించే ఆయన పడ్డ బోర్ల పేర్లే చెబుతాడు. పడనివి ఎన్ని, పడ్డవాటిలో మూడో ఎండాకాలం దాకా పోసినవి ఎన్ని అని అడిగి చూడండి, కొబ్బరికాయ ఇంకో దిక్కుకు తిరుగుతుంది.

మిర్చి కూడా అంతే. 2016లో క్వింటాలు 12 వేల దాకా పలికిన ధర చూసి అందరూ మిర్చి పెట్టారు. 2017 ఏప్రిల్‌లో ఖమ్మం యార్డులో అది మూడు వేలకు పడిపోయి, రైతులు తిరగబడేదాకా పోయింది. నిరుటి ధర నిరుటి పంటది. నారు పోసే ముందు కనుక్కోవాల్సింది ధర కాదు, విత్తనాల కొట్లో నిరుటికన్నా ఎన్ని ప్యాకెట్లు ఎక్కువ పోతున్నాయన్నది.

ఆ పెద్దాయన మొన్న కనిపించాడు. రెండెకరాల కౌలు మళ్లీ పట్టాడట. కౌలు వెయ్యి పెరిగిందట. నేను జేబులోంచి రెండు రూపాయి బిళ్లలు తీసి చేతిలో పెట్టాను. ఎగరేశాడు. ఒకటి బొమ్మ, ఒకటి బొరుసు. "చూశావా, నీళ్లొస్తాయి" అని నవ్వాడు. ఇంకో మూడుసార్లు ఎగరెయ్యి తాతా అంటే, టీ తాగి పోతానంటూ బిళ్లలు కొట్టాయనకిచ్చేశాడు.