చానల్ ఎవరిది? సొమ్ము ఎవరిది?

ఐరోపా సమాఖ్యలోని 27 దేశాల్లో 2025 ఆగస్టు 8 నుంచి ఒక కొత్త చట్టం దాదాపు పూర్తిగా అమల్లోకి వచ్చింది. యూరోపియన్ మీడియా స్వేచ్ఛా చట్టం దాని పేరు. పత్రికైనా, చానలైనా, వార్తల వెబ్‌సైటైనా అసలు యజమాని ఎవరో జనానికి తెలిసేలా చెప్పాలి. ప్రభుత్వాలు ఏ మీడియా సంస్థకు ఎంత ప్రకటనల సొమ్ము ఇచ్చాయో ఏటా బయటపెట్టాలి. ప్రజల డబ్బుతో నడిచే ప్రసార సంస్థ అధిపతిని పాలకులు తమకు నచ్చినట్టు నియమించడానికి, నచ్చకపోతే గడువు తీరకముందే సాగనంపడానికి వీల్లేదు. రెండు మీడియా సంస్థలు ఒకటైతే, ఆ తర్వాత వార్తల్లో భిన్న గొంతులు మిగులుతాయా అన్నది కూడా చూడాలి.

చట్టం రాసింది బ్రస్సెల్స్‌లోని అధికారులు, ఓటేసింది ఎంపీలు, మంత్రులు. అయితే అందులోని ప్రతి నిబంధన వెనకా ఎవరో కొందరు పరిశోధకులు ఏళ్ల తరబడి పోగేసిన సమాచారం ఉంది. స్ట్రాస్‌బర్గ్, ఫ్లోరెన్స్, హాంబర్గ్, ఆమ్‌స్టర్‌డామ్, బుడాపెస్ట్ నగరాల్లో కూర్చుని చానళ్ల జాబితాలు, వాటాల పత్రాలు, లైసెన్సు ఉత్తర్వులు దేశం వెంట దేశం పోల్చి చూసినవారు వాళ్లు. పేరు ప్రతిష్ఠలు రాని పని అది. మీడియా స్వేచ్ఛ గురించి ఉపన్యాసాలు అన్ని దేశాల్లోనూ ఉన్నాయి. ఆ స్వేచ్ఛ ఎక్కడ, ఎవరి చేతిలో, ఎంత మేరకు చిక్కుకుందో ఏటా విడవకుండా లెక్క తీసే వ్యవస్థ ఐరోపాలో ఉన్నంతగా మరెక్కడా లేదు.

ఈ లెక్కల అవసరం ఎలా పుట్టిందో చూడాలంటే 1980ల్లోకి వెళ్లాలి. అప్పటిదాకా పశ్చిమ ఐరోపాలో చాలా దేశాల్లో టీవీ అంటే ప్రజా ప్రసార సంస్థ నడిపే ఒకటి రెండు చానళ్లే. ఇంటింటా లైసెన్సు ఫీజు కట్టేవారు. పోస్టాఫీసులో రేడియో లైసెన్సు కట్టిన తరం మన మధ్యా ఉంది కాబట్టి ఆ పద్ధతి తెలుగువారికి కొత్త కాదు. ఉపగ్రహాలు వచ్చాక ఆ గోడ కూలింది. స్వీడన్‌లో టీవీ ప్రకటనలకు అనుమతి లేని రోజుల్లో, 1987 డిసెంబర్ 31న టీవీ3 అనే చానల్ లండన్ నుంచి ఉపగ్రహం ద్వారా స్కాండినేవియా ఇళ్లలోకి నేరుగా దిగింది. చూసేది స్వీడన్ ప్రేక్షకులు, ప్రకటనలు స్వీడన్ సరుకులవి, లైసెన్సు మాత్రం బ్రిటన్‌ది. స్వీడన్ ప్రభుత్వం చూస్తూ ఉండిపోవాల్సి వచ్చింది.

ఇందుకు న్యాయపరమైన దారి అంతకుముందే పడింది. ఇటలీలోని బియెల్లా పట్టణంలో కేబుల్ టీవీ నడిపిన సాక్కీ అనే వ్యక్తి కేసులో ఐరోపా న్యాయస్థానం 1974లోనే టీవీ సిగ్నల్‌ను ‘సేవ’గా గుర్తించింది. సేవ అయితే ఉమ్మడి మార్కెట్ సూత్రాలు దానికీ వర్తిస్తాయి. 1989లో వచ్చిన ‘సరిహద్దులు లేని టెలివిజన్’ ఆదేశం ఆ తర్కాన్ని చట్టం చేసింది. ఒక దేశంలో లైసెన్సు పొందిన చానల్‌ను మిగతా సభ్య దేశాలు తమ గడ్డ మీద ఆపకూడదన్నది దాని మూలసూత్రం. పిల్లల రక్షణ వంటి కొద్దిపాటి మినహాయింపులే మిగిలాయి.

సూత్రం సరే, ఇంతకీ ఏ చానల్ ఏ దేశానిది? ఈ చిన్న ప్రశ్నకు 1980ల్లో ఏ ప్రభుత్వం దగ్గరా పూర్తి జవాబు లేదు. డెనిస్ మెక్వెయిల్, కారెన్ సియూనె వంటి అధ్యాపకులు ఉన్న యూరోమీడియా పరిశోధన బృందం 1982లో మొదలైంది అలాంటి ప్రశ్నలతోనే. పెద్ద నిధులూ లేవు, సొంత భవనమూ లేదు. వేర్వేరు దేశాల పరిశోధకులు తమ తమ దేశంలో ప్రసార విధానం ఎలా మారుతోందో ఒకే చట్రంలో రాసుకొచ్చి, ఒకచోట కూర్చుని పోల్చుకునేవారు. ఆ పుస్తకాలే తర్వాతి తరం మీడియా విధాన అధ్యయనాలకు పునాది. జర్మనీలో హాంబర్గ్ విశ్వవిద్యాలయం, అక్కడి ప్రసార సంస్థ కలిసి 1950లోనే నెలకొల్పిన హాన్స్ బ్రెడో సంస్థ అప్పటికే దేశదేశాల మీడియా వ్యవస్థలపై కరదీపికలు వెలువరిస్తోంది.

ప్రభుత్వాలు స్వయంగా కదిలింది 1992లో. కౌన్సిల్ ఆఫ్ యూరప్ ఛత్రం కింద స్ట్రాస్‌బర్గ్‌లో యూరోపియన్ ఆడియోవిజువల్ అబ్జర్వేటరీ ఏర్పడింది. దానికి నియంత్రించే అధికారం లేదు, శిక్షించే అధికారం లేదు. సమాచారం సేకరించి అందరికీ అందుబాటులో పెట్టడమే దాని పని. మావిస్ పేరుతో అది నడిపే డేటాబేస్ తెరిస్తే ఏ చానల్‌కు ఏ దేశం లైసెన్సు ఇచ్చింది, దాని వెనక ఉన్న కంపెనీ ఏది, అది ఏ దేశపు ప్రేక్షకులను ఉద్దేశించింది అన్నవి కనిపిస్తాయి. బ్రిటన్ ఐరోపా సమాఖ్య నుంచి వైదొలగినప్పుడు దీని విలువ తెలిసొచ్చింది. లండన్ లైసెన్సుతో ఖండమంతా ప్రసారమయ్యే చానళ్లు నెదర్లాండ్స్, స్పెయిన్, ఐర్లాండ్ వంటి చోట్లకు తరలిపోతుంటే ఆ వలసను గుర్తించడానికి ఒక చోటు ఉంది.

అయితే చానళ్లు ఎన్నో తెలిసినంత మాత్రాన భిన్న గొంతులు ఉన్నట్టు కాదు. వంద చానళ్లూ ఒకే చేతిలో ఉండొచ్చు. ఈ తేడాను కొలవడానికే మీడియా బహుళత్వ పర్యవేక్షణ సూచీ పుట్టింది. బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయం నేతృత్వంలో 2009లో దాని తొలి నమూనా తయారైంది. తర్వాత ఫ్లోరెన్స్‌లోని యూరోపియన్ యూనివర్సిటీ ఇన్‌స్టిట్యూట్‌లో ఏర్పడిన మీడియా బహుళత్వ, మీడియా స్వేచ్ఛా కేంద్రం ఆ బాధ్యత తీసుకుంది. 2014లో తొమ్మిది దేశాలతో ప్రయోగాత్మకంగా మొదలై, ఇవాళ సమాఖ్య దేశాలన్నింటితో పాటు సెర్బియా, టర్కీ వంటి చేరికకు ఎదురుచూస్తున్న దేశాలకూ విస్తరించింది.

ఇది పనిచేసే తీరు దగ్గరగా చూడదగ్గది. ప్రాథమిక హక్కుల రక్షణ, మార్కెట్లో బహుళత్వం, రాజకీయ స్వతంత్రత, సామాజిక భాగస్వామ్యం అనే నాలుగు రంగాల కింద 20 సూచికలు, వాటి కింద సుమారు 200 ప్రశ్నలు ఉంటాయి. జవాబులు రాసేది ఆయా దేశాల్లోని స్థానిక పరిశోధకులే. జవాబులన్నీ కలిపితే వచ్చేది శాతాల్లో ముప్పు. మూడో వంతు లోపు అయితే స్వల్పం, మూడింట రెండు వంతులు దాటితే తీవ్రం. వివాదం రేగే అవకాశమున్న ప్రశ్నలను ఆ దేశంలోనే వేరే నిపుణుల బృందం మళ్లీ చూస్తుంది. నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించిన ఏర్పాటు ఇంకొకటి ఉంది. ఏదైనా ప్రశ్నకు సమాచారం దొరక్కపోతే దాన్ని వదిలేసి ముందుకు పోరు. ఆ సమాచారం లేకపోవడమే ముప్పా అని స్థానిక బృందాన్ని అడుగుతారు. ఒక వార్తా సంస్థ యజమాని ఎవరో ఎంత వెతికినా తెలియకపోతే ఆ తెలియకపోవడమే లెక్కలోకి ఎక్కుతుంది. దాచినవాడికి దాచినందుకు లాభం దక్కనివ్వని పద్ధతి ఇది.

కొలవడం ఒక్కటే చాలదని హంగరీ నిరూపించింది. 2018 నవంబర్ 28న ప్రభుత్వ అనుకూల యజమానులు తమ పత్రికలు, రేడియోలు, చానళ్లు, వెబ్‌సైట్లను ఒకేసారి ఒక ఫౌండేషన్‌కు ఉచితంగా రాసిచ్చారు. అలా 470కి పైగా మీడియా సంస్థలు ఒకే గూటికి చేరాయి. కొద్ది రోజుల్లోనే ప్రభుత్వం ఆ విలీనాన్ని జాతీయ వ్యూహాత్మక ప్రాధాన్యం గలదిగా ప్రకటించింది. దాంతో పోటీ నియంత్రణ సంస్థ పరిశీలనకు తావే లేకపోయింది. రాజకీయ వార్తల మార్కెట్లో 80 శాతం దాకా పాలకపక్షం నిర్ణయించే సొమ్ముతోనే నడుస్తోందని బుడాపెస్ట్‌లోని మెర్టెక్ అనే స్వతంత్ర పరిశోధన సంస్థ 2019లో అంచనా కట్టింది. ప్రభుత్వాన్ని విమర్శించే క్లబ్ రేడియో 2021 ఫిబ్రవరిలో ఎఫ్ఎం తరంగాలను కోల్పోయి ఇంటర్నెట్‌కు పరిమితమైంది. ఇదంతా సూచీల్లో ఏటా నమోదవుతూనే ఉంది. బహుళత్వ సూచీ తొలి నమూనా రూపకల్పనలో పాలుపంచుకున్న సెంట్రల్ యూరోపియన్ యూనివర్సిటీయే 2017 నాటి చట్టం దెబ్బకు బుడాపెస్ట్ వదిలి వియన్నాకు తరలాల్సి వచ్చింది. కొలిచేవాళ్లనే ఊరు దాటించిన చోట నివేదికలు దేన్నీ ఆపలేవు.

అలాగని ఆ నివేదికలు వృథా అనడం తప్పు. హంగరీలో జరిగింది విడివిడి సంఘటనల వరస కాదనీ, యాజమాన్యం, ప్రకటనలు, లైసెన్సులు, నియంత్రణ సంస్థలో నియామకాలు అనే నాలుగు పట్టులతో సాగిన పద్ధతి అనీ చూపింది పోలికలే. అదే పద్ధతి ఛాయలు వేరే దేశాల్లో కనిపించినప్పుడు గుర్తుపట్టగలిగింది కూడా వాటివల్లే. 2022 సెప్టెంబర్‌లో యూరోపియన్ కమిషన్ కొత్త చట్టం ముసాయిదా తెచ్చినప్పుడు ఈ నాలుగింటికీ అందులో జవాబులు వెతికింది.

డబ్బు విషయంలో జర్మనీ అనుభవం వేరు. అక్కడ ప్రజా ప్రసార సంస్థలకు ఎంత కావాలో లెక్క కట్టేది కెఫ్ అనే 16 మంది నిపుణుల స్వతంత్ర కమిషన్, రాష్ట్రానికొకరు చొప్పున. ప్రసార సంస్థలు తమ అవసరం చెబుతాయి, కమిషన్ దాన్ని తరచి చూసి ఇంటింటి చందా ఎంత ఉండాలో సిఫారసు చేస్తుంది, 16 రాష్ట్రాలూ ఆమోదించాలి. 2021 నుంచి నెలకు 17.50 యూరోల చందాను 86 సెంట్లు పెంచి 18.36 చేయాలని కమిషన్ చెప్పింది. 15 రాష్ట్రాలు సరేనన్నాయి. సాక్సనీ-అన్‌హాల్ట్ మాత్రం ఆమోదించలేదు. 86 సెంట్ల తగువు రాజ్యాంగ న్యాయస్థానం మెట్లెక్కింది. స్వతంత్ర కమిషన్ తేల్చిన లెక్కను సరైన కారణం చూపకుండా ఒక రాష్ట్రం అడ్డుకోవడం ప్రసార స్వేచ్ఛను ఉల్లంఘించడమేనని 2021 ఆగస్టులో వెలువడిన తీర్పులో కోర్టు తేల్చి, పెంపును తానే అమలుచేసింది. నిధుల పీక నొక్కడం కూడా గొంతు నొక్కడమేనన్న సూత్రం అక్కడ అంత బలంగా నాటుకుంది. 2025 నుంచి చందాను 18.94కు పెంచాలన్న సిఫారసు మీద రాష్ట్రాలు మళ్లీ మెలిక పెట్టాయి, ప్రసార సంస్థలు మళ్లీ కోర్టుకెళ్లాయి.

దీనికి పూర్తిగా ఎదురు దృశ్యం గ్రీస్‌ది. 2013 జూన్ 11న సాయంత్రం ప్రకటన చేసి, ఆ రాత్రికి రాత్రే ప్రజా ప్రసార సంస్థ ఈఆర్‌టీ తెరను నల్లగా మార్చేసింది అక్కడి ప్రభుత్వం. సుమారు 2,600 మంది ఉద్యోగులు వీధిన పడ్డారు. రెండేళ్ల తర్వాత గాని అది తిరిగి మొదలు కాలేదు.

ఈ పరిశోధనల్లో లోపాలు లేవా అంటే ఉన్నాయి. డేనియల్ హాలిన్, పావొలో మాంచీనీ 2004లో వెలువరించిన తులనాత్మక గ్రంథం మీడియా వ్యవస్థలను మూడు నమూనాలుగా విభజించి ఈ రంగాన్నే మలుపు తిప్పింది. అది పరిశీలించిన 18 దేశాల్లో కమ్యూనిస్టు పాలన నుంచి బయటపడ్డ తూర్పు ఐరోపా దేశం ఒక్కటీ లేదు. ఆ లోటును కొంత తీర్చింది, మరుసటి ఏడాది ఓపెన్ సొసైటీ సంస్థ 20 దేశాల టెలివిజన్‌పై తెచ్చిన మూడు సంపుటాల అధ్యయనం. ఇక ఫ్లోరెన్స్ సూచీకి నిధులిచ్చేది యూరోపియన్ కమిషనే కాబట్టి, కొలిచేవాడి జీతం ఎవరిస్తున్నారన్న ప్రశ్న న్యాయమైనదే. ప్రశ్నలు, లెక్క కట్టే పద్ధతి, దేశాల వారీ నివేదికలు అన్నీ బహిరంగంగా ఉండటమే దానికి ఉన్న రక్ష.

మన దేశానికి ఈ కృషితో ఉన్న అనుబంధం చాలామందికి గుర్తు లేదు. 1993 హీరో కప్ క్రికెట్ ప్రసార హక్కుల వివాదంలో సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరి 9న ఇచ్చిన తీర్పులో వాయుతరంగాలు ప్రజల ఆస్తి అన్న మాట ప్రసిద్ధం. ఆ కేసులో విడిగా తన అభిప్రాయం రాసిన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి ఎదిగిన తెలుగు న్యాయమూర్తి. ఇటలీ, జర్మనీ, ఫ్రాన్స్ ప్రసార చట్టాలను ఆయన ఒక్కొక్కటిగా పరిశీలించారు. ఆస్ట్రియా ప్రసార గుత్తాధిపత్యాన్ని తప్పుబడుతూ 1993 నవంబర్‌లో ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం ఇచ్చిన లెంటియా తీర్పునూ చర్చించారు. వివిధ దేశాల ప్రసార చట్టాలను పోలుస్తూ ఎరిక్ బారెంట్ రాసిన గ్రంథం అప్పటికి వచ్చి రెండేళ్లే. ఆక్స్‌ఫర్డ్‌లో అచ్చయిన ఆ పోలిక ఢిల్లీ తీర్పులో ఉపయోగపడింది. వాయుతరంగాలు ప్రభుత్వ గుత్తాధిపత్యంలోనూ ఉండకూడదు, ప్రైవేటు గుత్తాధిపత్యంలోనూ ఉండకూడదన్న దిశగా ఆయన వాదన సాగింది. 1990లో చేసి అటకెక్కించిన ప్రసార భారతి చట్టం 1997లో అమల్లోకి వచ్చింది. ప్రైవేటు చానళ్ల సంగతి మాత్రం అలాగే ఉండిపోయింది. మీడియా యాజమాన్యంపై టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2014లో చేసిన సిఫారసులు కాగితాలకే పరిమితమయ్యాయి. ఏ తెలుగు చానల్ వెనక ఏ కంపెనీ, ఏ పత్రికకు ఏ ప్రభుత్వం ఎన్ని కోట్ల ప్రకటనలు అన్నది చట్టసభలో ఎవరైనా అడిగితేనో, సమాచార హక్కు కింద ఎవరైనా పట్టుబట్టి రాబడితేనో తప్ప పాఠకుడికి చేరదు. ఏటా అదే ప్రశ్నలు వేసి అదే పద్ధతిలో లెక్క తీసే స్వతంత్ర సంస్థ మనకు అవసరం. రెండు తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లో జర్నలిజం శాఖలున్నాయి. ఈ పనికి చేతులు లేక కాదు.

ఐరోపాలో కొత్త చట్టం మీద పోరు ఇప్పుడే మొదలైంది. అది చెల్లదంటూ హంగరీ 2024లోనే ఐరోపా న్యాయస్థానాన్ని ఆశ్రయించింది. చట్టంలోనే ఒక కన్నం కూడా ఉంది. ప్రభుత్వ ప్రకటనల వివరాల్లో కొన్నింటిని వెల్లడించాలన్న నిబంధన నుంచి లక్ష లోపు జనాభా గల స్థానిక సంస్థలకు మినహాయింపు ఇచ్చుకునే వెసులుబాటు సభ్య దేశాలకు దక్కింది. చిన్న పట్టణాల్లో స్థానిక పత్రిక, స్థానిక రేడియో బతికేది చాలాచోట్ల పురపాలక ప్రకటనల మీదే. మేయర్‌కు వ్యతిరేకంగా ఒక్క వార్త రాస్తే మర్నాటి నుంచి ప్రకటన రాదు. ఏ దేశాలు ఆ మినహాయింపు వాడుకుంటున్నాయో, వాడుకున్న చోట స్థానిక పత్రికలకు ఏమవుతోందో పట్టణం వెంట పట్టణం రాసి పెట్టాల్సిన పని ఇప్పుడు ఆయా దేశాల పరిశోధకుల ముందుంది.