లేత్ వచ్చింది సరే, కట్టె ఏది?

మినీ లేత్ కొనే ముందు మన బ్యాచ్ వాళ్లు చేసే రీసెర్చ్ మామూలుగా ఉండదు. మోటారు ఎన్ని వాట్లు, చక్ ఎన్ని ఇంచులు, ఉలి ఏ స్టీలు... ఎక్సెల్ షీట్ వేసి మరీ పోల్చుకుంటారు. మిషిన్ ఇంటికొచ్చి బల్లకు బిగించాక మాత్రం అందరి నుంచీ ఒకటే మెసేజ్: ‘‘అన్నా, కట్టె ఎక్కడ దొరుకుతది?’’

మాది చెల్పూర్. ఒక పక్క కాకతీయ థర్మల్ ప్లాంట్ చిమ్నీలు, ఇంకో పక్క భూపాలపల్లి అడవి. వారమంతా ల్యాప్‌టాప్, ఆదివారం లేత్. ‘నీకేంరా, కట్టెకు కరువా’ అంటారు హైదరాబాద్ ఫ్రెండ్స్. కరువు లేదు, నిజమే. కానీ అడవి పక్కన ఉన్నంత మాత్రాన తిప్పడానికి పనికొచ్చే ముక్క చేతికి రాదు. ఎందుకంటే ఈ హాబీలో మనం డబ్బు పెట్టేది ఎక్కువగా చెట్టు పేరుకు కాదు, ఆ కట్టె ఆరడానికి పట్టిన టైమ్‌కు. ఇదొక్కటి అర్థమైతే సగం డబ్బులు మిగులుతాయి.

ముందు బ్లాంక్ అంటే ఏంటో చూద్దాం. లేత్ మీద బిగించడానికి రెడీగా సైజుకు కోసిన దిమ్మె. ఇందులో రెండు రకాలు. బొంగరం, పెన్ను, మంచం కోడు లాంటివాటికి పొడుగు ముక్క కావాలి, నార పొడుగునా సాగాలి. గిన్నె, ప్లేటు అయితే వెడల్పు ముక్క, నార అడ్డంగా ఉండాలి. కొనేటప్పుడు ఏం చేయబోతున్నామో తెలియకపోతే ఎంత మంచి కట్టె అయినా మూలన పడుతుంది.

ఇది మనకేం కొత్త విద్య కాదు. లేత్‌కు తెలుగులో ‘తరిమెన’ అనే పాత మాటే ఉంది. వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో లక్క బొమ్మలు ఇప్పటికీ తిప్పుతూనే ఉన్నారు. 2017లో వాటికి జీఐ గుర్తింపు వచ్చింది. సహజ రంగులతో ఆ కళకు మళ్లీ ఊపిరి పోసిన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ ఇచ్చారు. వాళ్లు వాడేది అంకుడు కర్ర. తెల్లగా, నున్నగా, సన్నటి నారతో ఉంటుంది, లక్క బాగా పడుతుంది. కర్ణాటకలోని చన్నపట్నం బొమ్మలదీ ఆ చెట్టే. అదే నిర్మల్, కొండపల్లి వాళ్లు చూడండి, తేలికైన పొనికి కర్ర పట్టుకుంటారు. ఎందుకంటే వాళ్లది చెక్కే పని, తిప్పే పని కాదు. పనిని బట్టి కట్టె. తరాల టెస్టింగ్ తర్వాత రిలీజైన వెర్షన్ అది!

పగులు ఎక్కడి నుంచి వస్తుంది?

అప్పుడే కొట్టిన చెట్టులో నీళ్లు బాగా ఉంటాయి. కొన్ని జాతుల్లో ఎండు కట్టె ఎంత బరువో నీళ్లూ దాదాపు అంతే బరువు. ఆరుతూ ఆరుతూ తేమ సుమారు 30 శాతానికి దిగే దాకా కట్టె సైజు పెద్దగా మారదు. అక్కడి నుంచి ముడుచుకోవడం మొదలు. అది కూడా అన్ని వైపులా సమానంగా కాదు. వలయాల వెంబడి ముడుచుకునేది, నడుమ నుంచి బెరడు వైపు ముడుచుకునేదానికి సుమారు రెట్టింపు. అందుకే గుండ్రటి మొద్దును అలాగే వదిలేస్తే నడుమ నుంచి బయటికి నెర్రెలు విచ్చుతాయి. మన మే నెల ఎండల్లో అయితే దీనికి రోజులు చాలు.

కాబట్టి రూల్ నంబర్ వన్: మొద్దు నట్టనడుమ ఉండే చిన్న చుక్క మీ దిమ్మెలో ఉండకూడదు. దాని మీదుగా నిలువునా చీల్చి, రెండు సగాల్లోంచి బ్లాంకులు తీయాలి. ముక్క చివర చూస్తే వలయాలు కనబడతాయి. అవి పూర్తి గుండ్రంగా ఉంటే వద్దనండి. విల్లులా వంగి ఉంటే తీసుకోండి.

ఇక ఆరడం. గాలికి ఆరే కట్టెకు ఇంచు మందానికి ఏడాది అని ఒక మోటు లెక్క. అంటే 3 ఇంచుల గిన్నె దిమ్మెకు మూడేళ్లు. ఆ మూడేళ్లు ఎవరు ఆగాలన్నదే అసలు బేరం. దారులు మూడు.

ఒకటి: ఆగినవాళ్లకు డబ్బులివ్వడం

ఆన్‌లైన్‌లో ఎండు బ్లాంకులు దొరుకుతాయి. రేటు చూసి ఉలిక్కిపడే ముందు చిన్న లెక్క వేయండి. 8 ఇంచుల చదరం, 3 ఇంచుల మందం ఉన్న దిమ్మె 192 ఘనపు అంగుళాలు. ఒక సీఎఫ్‌టీ అంటే 1,728. అంటే సీఎఫ్‌టీకి అలాంటివి 9. ఆన్‌లైన్ ముక్క రేటును 9తో గుణించి, మీ ఊరి కోత మిల్లు సీఎఫ్‌టీ రేటు పక్కన పెట్టండి. ఆ తేడా అంతా ఆరబెట్టినందుకు, కోసినందుకు, కొరియర్‌కు. అది న్యాయమా కాదా అన్నది మీరే తేల్చుకోవచ్చు.

ఒక్క జాగ్రత్త. చుట్టూ మైనం పూసి అమ్మే దిమ్మెల్లో చాలావరకు లోపల పచ్చిగానే ఉంటాయి. పగలకుండా ఉండటానికే ఆ మైనం. పచ్చి ముక్కకు ఎండు ముక్క రేటు ఇవ్వకండి. ‘తేమ ఎంత శాతం?’ అని అడగండి. మన ఇళ్లలో వాడే వస్తువుకు 12 శాతం, అంతకన్నా తక్కువైతే నిశ్చింత.

రెండు: ఎప్పుడో ఆరిపోయింది వెతుక్కోవడం

నాకు బాగా ఇష్టమైన దారి ఇదే. మన ఊళ్లలో పాత పెంకుటిళ్లు కూలగొట్టి స్లాబులు వేస్తున్నారు. ఆ దూలాలు, వాసాలు, దర్వాజలు పాత కట్టె అమ్మే షాపులకు చేరతాయి. ఇంటి కప్పు కింద నలభై, యాభై ఏళ్లు ఆరిన టేకు అది. కదలాల్సిన కదలిక అంతా ఎప్పుడో కదిలేసింది. గిన్నెకు సరిపడా వెడల్పు అరుదుగా దొరుకుతుంది కానీ, బొంగరాలకు, ఉలి పిడులకు, కొవ్వొత్తి స్టాండ్లకు బంగారం.

చూడాల్సినవి రెండు. మొదటిది మేకులు. అయస్కాంతం తిప్పి చూడండి. ఫోన్‌లో మెటల్ డిటెక్టర్ యాప్ కూడా దగ్గరగా పెడితే ఇనుమును పట్టేస్తుంది. రెండోది పురుగు. గుండుసూది మొన అంత రంధ్రాలుండి, తడితే మెత్తటి పిండి రాలితే ఆ ముక్క ఇంట్లోకే తేవద్దు.

వడ్రంగి షాపులో దర్వాజ చౌకట్ల నుంచి మిగిలే ముక్కలు కూడా ఇలాంటివే. 5×3, 4×3 ఇంచుల కొసలు పొయ్యిలోకి పోతుంటాయి. ‘‘కాకా, మిగిలిన కొసలు నాకోసం పక్కన పెట్టవా’’ అని ముందే చెప్పి, చాయ్ తాగించి, డబ్బులిచ్చి తెచ్చుకోండి. టేకు తిప్పడానికి హాయిగా ఉంటుంది గానీ అందులో ఇసుక లాంటి సిలికా ఉంటుంది. ఉలి తొందరగా మొద్దుబారుతుంది, మధ్యమధ్యలో సాన పట్టాల్సిందే.

మూడు: మనమే ఆగడం

వంటచెరకు రేటుకే మంచి కట్టె కావాలంటే పచ్చిది కొనాలి. మిల్లుకు వెళ్లి ‘మంచి కట్టె ఉందా’ అని అడగకండి. ‘‘అన్నా, ఇది ఎప్పుడు కొట్టిన్రు?’’ అని అడగండి. ‘‘నిన్ననే దిగింది, పచ్చిగనే ఉన్నది’’ అంటే సంతోషించండి. తేదీ తెలిసిన పచ్చి ముక్క, తేదీ తెలియని ‘ఎండు’ ముక్క కన్నా నయం.

మన వైపు సులువుగా దొరికేవి ఇవీ. వేప: గట్టిది, తిప్పితే బాగుంటుంది, నార అటూ ఇటూ అల్లుకుని ఉంటుంది కాబట్టి ఉలి పదునుండాలి. మామిడి: చవక, పెద్ద సైజులు, కానీ ఎక్కువ రోజులు వదిలేస్తే పురుగు. నల్లతుమ్మ: బండి చక్రాలకు, నాగళ్లకు వాడిన కట్టె, చేవ బాగా గట్టి. చింత: మటన్ షాపులో కత్తి దెబ్బలు తినే మొద్దు చూశారుగా, అదే. నేర్చుకునేవాళ్లు మామిడితో మొదలుపెట్టి వేపకు వెళ్లడం మంచిది.

తెచ్చిన రోజే ముక్క రెండు చివర్లకూ మైనమో, పాత పెయింటో, ఫెవికాలో దట్టంగా పూయండి. నీళ్లు ఎక్కువగా పారిపోయేది చివర్ల నుంచే. రేకుల షెడ్డులో కాదు, నీడలో, నేలకు తగలకుండా పెట్టండి.

మూడేళ్లు ఆగలేమంటే దానికీ చిట్కా ఉంది. పచ్చిగా ఉన్నప్పుడే గిన్నెను మందంగా, వెడల్పులో పదో వంతు గోడతో తిప్పేయండి. 8 ఇంచుల గిన్నెకు 20 మిల్లీమీటర్ల గోడ. దాన్ని న్యూస్‌పేపర్‌లో చుట్టి పెట్టి, వారానికోసారి కిచెన్ త్రాసు మీద తూచి, తేదీ, బరువు దాని అడుగునే పెన్సిల్‌తో రాయండి. బరువు మూడు నాలుగు వారాలు మారకపోతే ఆరినట్టే. ఈలోగా అది కాస్త వంకర పోతుంది. మందం వదిలింది అందుకే. మళ్లీ బిగించి గుండ్రంగా తిప్పుకోవడమే. మూడేళ్ల పని నెలల్లోకి వస్తుంది.

చవగ్గా వచ్చే టేకు సంగతి

అడవి పక్క ఊళ్లలో ఉండేవాళ్లకు ఈ మాట తప్పకుండా చెప్పాలి. ‘‘జిట్రేగి మొద్దు ఉన్నది, సగం ధరకు ఇస్తా, రాత్రి రా’’ అనే ఆఫర్ ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. వద్దు. 1967 నాటి అటవీ చట్టం, 2002 నాటి వాల్టా చట్టం ఉన్నాయి. సొంత పొలంలో టేకు చెట్టు కొట్టాలన్నా అనుమతి కావాలి, రవాణాకు పర్మిట్ కావాలి. మనం కొనేది ఒక గిన్నె ముక్కే కావచ్చు, కానీ మనలాంటి కొనేవాళ్లు ఉన్నారనే గొడ్డలి అడవిలోకి వెళ్తుంది. లైసెన్సున్న మిల్లు, చేతిలో బిల్లు... ఈ రెండూ లేకపోతే ముక్క ఎంత అందంగా ఉన్నా వెనక్కి రండి. ఎర్రచందనం ముక్కలు ఆన్‌లైన్‌లో కనబడినా ఇదే జవాబు.

ఇంకో జాగ్రత్త: పేరు తెలియని అడవి కట్టె తిప్పకండి. నల్లజీడి రసం తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది. గన్నేరు విషం. తిప్పేటప్పుడు లేచే పొడి నేరుగా ముక్కులోకే పోతుంది కాబట్టి మాస్క్ ఎలాగూ ఉండాల్సిందే.

పగిలిన ముక్క లేత్ ఎక్కకూడదు

8 ఇంచుల దిమ్మె నిమిషానికి 1,000 చుట్లు తిరిగితే దాని అంచు గంటకు 38 కిలోమీటర్ల వేగంతో పోతున్నట్టు. సన్న పగులున్న ముక్క ఆ స్పీడులో విడిపోతే వచ్చేది మన మొహం మీదికే. కొనేటప్పుడే ముక్కను వేలి కణుపుతో కొట్టి వినండి. ఖంగుమంటే మంచిది. బోలుగా, బద్దలైన కుండలా మోగితే లోపల నెర్రె ఉండొచ్చు. కళ్లజోడు చాలదు, మొహం మొత్తం కప్పే షీల్డ్ కొనండి. వెడల్పు ఇంచులను స్పీడుతో గుణిస్తే 6,000 నుంచి 9,000 మధ్య రావాలి అన్నది చాలామంది పాటించే లెక్క. కొత్త దిమ్మెను మాత్రం ఎప్పుడూ మిషిన్‌లో ఉన్న అతి తక్కువ స్పీడుతోనే మొదలుపెట్టాలి.

ఈ ఆదివారం కోత మిల్లుకు వెళ్తే టేపు, అయస్కాంతం, పెన్సిల్ జేబులో వేసుకోండి. మూడు ప్రశ్నలు అడగండి: ఎప్పుడు కొట్టిన్రు, నడిమి చుక్క ఎటుంది, బిల్లు ఇస్తారా. ఒక ఎండు ముక్క ఈ వారం తిప్పడానికి, మూడు పచ్చి ముక్కలు దాచడానికి తెచ్చుకోండి. ప్రతి నెలా ఇలాగే చేస్తే, వచ్చే ఏడాది ఈ టైమ్‌కు మీ దగ్గరే చిన్న కట్టె బ్యాంకు తయారవుతుంది. అప్పుడు ‘కట్టె ఎక్కడ దొరుకుతది’ అనే మెసేజ్ మీ ఫోన్‌కు రావడం మొదలవుతుంది.