ఊపిరితో వంగే వెలుగు

ఈ మధ్య పెళ్లిళ్లకు వెళ్లినవారు చూసే ఉంటారు. వధూవరుల వెనుక పూలతెర మీద వారిద్దరి పేర్లూ గులాబిరంగు వెలుగులో మెరుస్తుంటాయి. "నియాన్ బోర్డు పెట్టించాం" అని పెళ్లివారు గొప్పగా చెప్పుకుంటారు. చెప్పుకోనివ్వండి! కాని వాటిలో చాలావాటిలో నియాన్ ఇసుమంతయినా ఉండదు. రబ్బరులా వంగే గొట్టంలో వరసగా పేర్చిన ఎల్.ఇ.డి. దీపాలవి.

అసలు నియాన్ మనం పీల్చే గాలిలోనే ఉంది, సుమారు 55,000 పాళ్లకు ఒక పాలు. 1898లో లండన్‌లో రామ్సే, ట్రావర్స్ అనే శాస్త్రజ్ఞులు దాన్ని వేరుచేశారు. రామ్సేగారి అబ్బాయి "కొత్తది" అనే అర్థం వచ్చే లాటిను పేరు సూచిస్తే, తండ్రి దాన్ని గ్రీకులోకి మార్చి నియాన్ అన్నాడు. 1910లో పారిస్ మోటారు ప్రదర్శనలో జార్జి క్లాడ్ దాన్ని గాజుగొట్టాల్లో నింపి వెలిగించి చూపాడు. రెండేళ్లు తిరక్కుండానే ఆ ఊళ్లో ఒక క్షౌరశాలకు నియాన్ బోర్డు వచ్చింది.

ఈ అక్షరాలు యంత్రం పోత పోసేవి కావు. పనివాడు ముందు కాగితం మీద వాటిని అద్దంలో కనిపించినట్లు తిరగేసి గీసుకుంటాడు. గాజుగొట్టం ఒక కొసకు బిరడా పెట్టి, రెండో కొసకు సన్నని రబ్బరుగొట్టం తగిలించి, దాని చివర పళ్ల మధ్య పట్టుకుంటాడు. గ్యాసు మంటలో గాజును తిప్పుతూ కాలుస్తాడు. అది మెత్తబడి జారబోయే క్షణాన మంటలోంచి తీసి, వంచి, గీతమీద పరుస్తాడు. వంచినచోట గొట్టం నొక్కుకుపోతుంది గనుక అదే క్షణంలో నోటితో చిన్నగా ఊదుతాడు. తక్కువ ఊదితే దారి మూసుకుపోతుంది, ఎక్కువ ఊదితే బుడగలా ఉబ్బుతుంది. వ్యవధి కొద్ది సెకండ్లే. అరిసెల పాకం పట్టే ఇల్లాళ్లకు ఈ ఒడుపు నేను చెప్పనక్కరలేదు!

తర్వాత కొసలకు విద్యుత్ ధ్రువాలు అతికి, లోపలి గాలి లాగేసి, వేల వోల్టుల కరెంటుతో గొట్టాన్ని కాలుస్తారు, మలినం వదిలిపోవాలని. ఆపైన కాస్త వాయువు వదిలి మూసేస్తారు. ఎర్రని నారింజ వెలుగు నియాన్‌ది. నీలం కావాలంటే ఆర్గాన్, ఒక బొట్టు పాదరసం. మిగతా రంగులు చాలావరకు గాజు లోపల పూసిన పొడుల చలవే.

1967లో బ్రూస్ నౌమన్ అనే అమెరికను, ఒకప్పటి కిరాణాకొట్టులో పెట్టుకున్న తన పనిశాల కిటికీకి మిగిలిపోయిన బీరు ప్రకటన చూసి, తన మాటలనే నియాన్‌లో సుడులు తిప్పించాడు. ఇలాంటివిప్పుడు గొప్ప మ్యూజియాలకెక్కాయి. అయితే చాలామంది కళాకారులు గొట్టం తాము వంచరు. వంచినవాడి పేరు మనకు కనబడేది తక్కువ. ఇది నాకు న్యాయంగా తోచదు.

ఈ పని వీధినంతా పరుచుకున్న ఊరు హాంగ్‌కాంగ్. అక్కడ కుంచె పట్టిన లేఖకులు చీనా అక్షరాలు రాసిస్తే, ఆ కుంచె విసురును గాజులోకి దింపడం పనివాడి వంతు. 2010 తర్వాత, అనుమతి లేని బోర్డులు ప్రమాదమని ప్రభుత్వం వరసగా తీయించసాగింది. కొత్తవి పెట్టేవారు చవకైన ఎల్.ఇ.డి.కి మళ్లారు. ఒక భోజనశాల ముందు 1977 నుంచి వేలాడిన నియాన్ ఆవు 2015లో కిందికి దిగి, ఎం ప్లస్ మ్యూజియానికి చేరింది. ఆవుకు చోటు దొరికింది గాని, దాని గొట్టం పగిలితే మళ్లీ ఊదగల చేతులు ఆ ఊళ్లో కొద్దిగానే మిగిలాయి.

ఈ సంగతి మీదనే 2022లో అక్కడ "ఎ లైట్ నెవర్ గోస్ అవుట్" అనే చలనచిత్రం వచ్చింది. నియాన్ పనివాడు కన్నుమూస్తాడు. అతడు పూర్తిచెయ్యకుండా వదిలిన బోర్డు ఒకటి ఉందని తెలిసి, భార్య తానే మంట ముందు కూర్చుంటుంది. ఆ పాత్ర వేసిన సిల్వియా చాంగ్‌కు ఆ ఏడే తైవాన్‌లో ఉత్తమ నటి బహుమతి వచ్చింది. వీలైతే ఇంటిల్లిపాదీ కూర్చుని చూడండి.