చివరి పేజీ తిప్పాక

పుస్తకం అయిపోయిన వెంటనే ఇంకోటి తెరవబుద్ధి కాదు. చుట్టాలు బస్సెక్కి పోయిన సాయంత్రం, వాళ్ల కోసం పరిచిన చాప ఎత్తబుద్ధి కానట్టు. మొన్న సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ ముగించినప్పుడూ అంతే.

1949లో వచ్చిన పుస్తకమది. తెలుగులో తొలి సాహిత్య అకాడమీ పురస్కారం 1955లో దానికే దక్కింది. అప్పటికి ఆయన పోయి రెండేళ్లు. ఇవన్నీ ఎప్పుడో పరీక్షల కోసం బట్టీ పట్టినవే. పుస్తకం చదివింది మాత్రం ఇప్పుడు. ఏ రాజు ఎవరిని గెలిచాడన్నది కాదు, జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏమేం ఆటలాడారు అన్నది పాత కావ్యాల్లోంచి ఏరి ఏరి పోగేశారాయన.

నేను తెచ్చుకున్నది లైబ్రరీ ప్రతి. ఆటల పేర్లున్న చోట ఎవరో పెన్సిల్‌తో ‘మేమూ ఆడినం’ అని రాసిపెట్టారు. లైబ్రరీ పుస్తకాల్లో రాతలు కనబడితే నాకు ఒళ్లు మండుతుంది. ఈసారి ఎందుకో మండలేదు. ఆ పేజీ దగ్గరే చాలాసేపు ఉండిపోయాను.

వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’ రెండు రాత్రుల్లో అయిపోయింది. అక్కడక్కడా ఉపన్యాసం వినిపిస్తుంది, దాచడమెందుకు! అయినా కథానాయకుడు కంఠీరవాన్ని నడిమధ్యలో వదిలి నిద్రపోలేకపోయాను. నల్లగొండ పల్లెలో పుట్టి, వంటపని చేసి, హోటల్లో సర్వరుగా ఉండి, 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మిన మనిషి రాసిన నవల అది. నేనేమో దాన్ని మంచం మీద పడుకుని చదివాను.

గడియారం రామకృష్ణశర్మ ఆత్మకథ ‘శతపత్రము’ మటుకు నిదానంగా సాగింది. 1953లో సారస్వత పరిషత్తు సభలు అలంపురంలో జరగడం వెనుక ఉన్నది ఆయనే. కాళోజీ ‘నా గొడవ’ను శ్రీశ్రీ ఆవిష్కరించింది ఆ సభల్లోనే. కర్నూలు బస్సులో కునికిపాట్లు పడుతూ అలంపూర్ చౌరస్తా ఎన్నిసార్లు దాటిపోయానో లెక్కలేదు. పోయిన ఆదివారం దిగాను. శ్రీశైలం నీళ్లకు మునిగిపోకుండా రాయి రాయి విప్పి తెచ్చి మళ్లీ నిలబెట్టిన సంగమేశ్వరాలయం గోడకు చెయ్యి ఆనించి చూశాను. ఎండకు రాయి కాలుతోంది.

నిన్న పుస్తకాలు తిరిగి ఇస్తుంటే లైబ్రేరియన్ ఆ పెన్సిల్ రాత చూసి సొరుగులోంచి రబ్బరు తీశాడు.

“ఉండనీ సారూ” అన్నాను.