పెట్టెలో వచ్చిన భోజనము

ఈ మాసము మేము వ్రాయ బూనిన విషయమును చదివి మీలో కొందరు నవ్వుదురు; కొందరు నొచ్చుకొందురు. పదునెనిమిదేండ్లుగా ఇంటిల్లిపాదికిని వండి వడ్డించుచున్న మేము, గత ఆషాఢమున ఇరువది నాలుగు దినములు పరుల పొయ్యిమీద నుడికిన అన్నమును మూత పెట్టెలలో ఇంటికి తెప్పించుకొని తింటిమి. బరువు తగ్గుటకై తింటిమి.

ఇది వేడుకకై చేసిన పని కాదు. మా తల్లిగారు మధుమేహమువలన కాలివ్రేళ్లు పోగొట్టుకొని, అరువదియేండ్లు నిండకుండగనే దాటిపోయిరి. మొన్నటి వేసవిలో మోకాలి నొప్పికని డాక్టరమ్మగారి కడకు పోగా, ఆమె మోకాలిని చూచుటకు ముందే మమ్ము త్రాసెక్కించి, రక్తపరీక్ష వ్రాసిరి. ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 71 కిలోలు, నడుము కొలత 94 సెంటీమీటర్లు. గడచిన రెండు మూడు నెలల చక్కెర సరాసరిని తెలుపు హెచ్‌బీఏ1సీ పరీక్షలో 6.1 వచ్చినది. 5.7 మొదలు 6.4 వఱకు వ్యాధి గడప యనియు, 6.5 అయినచో లోపల అడుగు పెట్టినట్లే యనియు ఆమె చెప్పిరి. మన దేశపు స్త్రీలకు నడుము 80 సెంటీమీటర్లు మించుటయే హెచ్చరిక యట.

"భయపడకమ్మా, బరువులో నూటికి ఏడు పాళ్లు తగ్గించు, రోజూ నడు" అనిరి. ఈ మాటకు ఆధారము కలదు. అమెరికాలో 2002వ సంవత్సరమున వెలువడిన పరిశోధన యొకదానిలో, ఈ గడపమీద నున్నవారు నూటికి ఏడు పాళ్ల బరువు తగ్గుటను, వారమునకు 150 నిమిషముల వ్యాయామమును లక్ష్యముగా నుంచుకొనగా, వారిలో వ్యాధి వచ్చుట నూటికి 58 పాళ్లు తగ్గినది. మాకు ఏడు పాళ్లనగా అయిదు కిలోలు.

వినుటకు చిన్న సంఖ్యయే. రెండు నెలలు పాటుపడితిమి. రాత్రి అన్నము మానితిమి; పది గంటలకు ఆకలికి తాళలేక డబ్బాలోని జంతికలు తింటిమి. నెయ్యి మానితిమి, మరునాడు పిల్లవానికి చేసిన సున్నియుండలలో ఒకటి నోట వేసికొంటిమి. త్రాసు ముల్లు 71 మీదనే నిలిచి మమ్ము వెక్కిరించెను.

ఎదురింటివారి కోడలు బ్యాంకులో ఉద్యోగము చేయును. బరువు తగ్గగోరువారికై కొలిచి వండి, పూటపూటకు ఇంటికి పంపువారు మన బెజవాడలోనే కలరని ఆమె వలన తెలిసినది. దినమునకు రెండు పూటలు, ఆదివారము సెలవు. ఇరువది నాలుగు దినములకు 8,400 రూపాయలు. బడిపంతులు ఇంట ఇది చిన్న మొత్తము కాదు. అమ్మాయికి వెండి పట్టీలు చేయింపవలెనని చీటీ కట్టి దాచిన సొమ్మొక్కటే మా చేతనుండెను. మా వారు లెక్క చూచి, "పట్టీలు వచ్చే ఏడు కొందాం. ముందు నీ కాళ్లు బాగుండనీ" అనిరి. ఆ మాటతో మాకు మా తల్లిగారి కాళ్లు కన్నులలో మెదలినవి.

అత్తగారిని ఒప్పించుట వేఱు సంగతి. "ఏమే అమ్మాయీ, ఇంట్లో వండే దిక్కు లేనట్టు ఈ క్యారేజీ ఏమిటి? నలుగురూ ఏమనుకుంటారు?" అనిరి. ఆమెకు మడి కలదు. పైనుండి వచ్చిన పెట్టె వంటింటి గడప దాటరాదనిరి. సరే యని పెట్టెను వసారాలోని బల్లమీదనే యుంచుకొని, అచ్చటనే తినుటకు ఏర్పాటు చేసికొంటిమి. ఈ చిన్న నిషేధమే పిమ్మట మాకు మేలు చేసినది. ఆ కథ ముందు వచ్చును.

క్యారేజీ భోజనము మన దేశమునకు క్రొత్త కాదు. బొంబాయిలో డబ్బావాలాలు 1890 నుండి ఇంటి వంటను కచేరీలకు మోయుచున్నారు. ఇల్లాలికే పైనుండి వంట వచ్చుట మాత్రము దానికి తలక్రిందులైన వ్యవహారము. కొలిచిన భోజనములమ్మి బరువు తగ్గించు వర్తకము పాశ్చాత్యులది. జెన్నీ క్రెయిగ్ అను నామె భర్తతో కలిసి 1983లో ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నగరమున అట్టి సంస్థను స్థాపింపగా, అది అమెరికాకు ప్రాకి, నలుబదియేండ్లు నడచి, 2023లో తన కేంద్రములను మూసివేసెను.

మొదటినాటి మధ్యాహ్నపు పెట్టెను విప్పి, ఒక్కొక్క పదార్థమును మా వంటింటి త్రాసులో వేసి చూచితిమి. దంపుడు బియ్యపు అన్నము 110 గ్రాములు, పాలకూర పప్పు 120, బీన్సు కూర 180, పెరుగు 100, కీరదోస ముక్కలు గుప్పెడు. మూతమీద 420 కాలరీలని అచ్చు వేసియుండెను. అన్నముకంటె కూర హెచ్చుగానుండుట మా జన్మలో అదియే మొదలు. మా నిత్యపు కంచములో అన్నమొక్కటే 400 గ్రాములుండెడిది. వండిన తెల్లన్నము 100 గ్రాములకు 130 కాలరీల చొప్పున అదియే 520 అగును. పప్పు, నెయ్యి, వేపుడు ఆ పైని లెక్క.

రుచి మాట చెప్పవలెనన్న, ఉప్పు తక్కువ, పచ్చడి లేదు, పోపు పేరునకే. ఒకనాడు కీన్వా యను దక్షిణ అమెరికా గింజతో ఉప్మా పంపిరి. మన కొఱ్ఱల యెదుట దాని గొప్ప యేమో తెలియరాలేదు. బజారులో విచారింపగా వెల మాత్రము తెలిసినది. ఒకనాడు వాన కురిసి, పండ్రెండున్నరకు రావలసిన పెట్టె మూడున్నరకు వచ్చెను. పప్పు పులిసి యుండెను. వ్రాయగా ఆ పూట సొమ్ము తిరిగి యిచ్చిరి గాని, పస్తు పస్తే గదా! వేడి వంటకము 60 డిగ్రీలకు పైనను, చల్లనిది 5 డిగ్రీలకు లోపలను ఉండవలెను. ఆ నడుమ గంటల తరబడి త్రిప్పిన భోజనము ఎంత కొలిచి వండినదైనను విడువదగినదే. ఇట్టివారి కడ తెప్పించుకొనువారు, ఆహార భద్రతా సంస్థవారిచ్చు 14 అంకెల అనుమతి సంఖ్య పెట్టెమీద కలదా యని మొదట చూచుకొనవలెను.

రెండవ వారము గడచునప్పటికి 1,400 గ్రాములు తగ్గితిమి. ఆశ్చర్యమేమన, ఆకలి అంతగా బాధింపలేదు. మేము తినుచున్నది మన పప్పే, మన కూరయే. మునుపు మేము మాత్రము ఏమంత తినెడివారము? అందరి తరువాత, మిగిలినది తినెడివారము గదా! ఈ సందేహము మమ్ము పట్టుకొనెను.

పెట్టె భోజనము నాళ్లలో దానికి వెలుపలిది ఏదియు ముట్టరాదని మా నియమము. అందుచే పిల్లలు విడిచినవి, గిన్నెల అడుగున మిగిలినవి ఎచ్చటనో వేయవలసి వచ్చెను. వాటికై స్టీలు గిన్నె యొకటి వేఱుగ నుంచి, రాత్రి దానిని త్రాసుమీద పెట్టితిమి. మొదటినాడు అందులో చేరినవి: అబ్బాయి విడిచిన సగము దోసె, బాణలి యడుగున గీచిన గుప్పెడు ఉప్మా, అమ్మాయి బడినుండి తెచ్చిన డబ్బాలోని పప్పన్నము 100 గ్రాములు, చక్కెర వేసిన పాలు అర గ్లాసు. లెక్క కట్టగా రమారమి 400 కాలరీలు తేలినది. మరునాడు 350. పెట్టెలో వచ్చిన ఒక పూట భోజనమునకు సమమైనది, ఏ పూటకును చెందకుండ, నిలుచుండియే, భోజనమని పేరైన లేకుండ మా నోటికి ఇన్నేండ్లు పోవుచుండెనన్నమాట! ఇంటిలో నెవ్వరును చూడలేదు. మేమును చూడలేదు.

అన్నమును పాఱవేయరాదని మనకు చిన్ననాట నేర్పిరి. తైత్తిరీయోపనిషత్తులోని భృగువల్లిలో అన్నమును నిందింపరాదను వ్రతము కలదు; మేము తండ్రిగారి కడ చదువుకొన్నదే. అయితే, మిగిలినదానికి ఇల్లాలి కడుపే పాత్ర కావలెనని అందెచ్చటను లేదు. చరక సంహిత సూత్రస్థానమున ఇరువదియొకటవ అధ్యాయము స్థూలకాయులకు యవలు, అరికెలు, పెసలు, ఉలవలు పథ్యముగా చెప్పుచు, కడుపునకు బరువుగ నుండియు పుష్టి హెచ్చింపని యాహారమును విధించుచున్నది. పెట్టెలోని 180 గ్రాముల కూర చేసిన పని అదియే. ఇది చదువుకొనియు మేము ఇంతకాలము అడుగంటిన ఉప్మా గీచుకొని తినుచుంటిమి!

రెండవ కారణము వేళ. అత్తగారి పూజ, వారి భోజనము, బట్టలు, అంట్లు ముగిసి మేము విస్తరి ముందు కూర్చుండునప్పటికి మూడు గంటలగుచుండెను, రాత్రి పది. ఆకలి మీరిన మనుష్యుడు కొలత నెఱుగడు. పెట్టె పండ్రెండున్నరకు వచ్చును; వేడి చల్లారకమునుపు తినవలెను; వంటింటిలోనికి తేరాదు. కావున మేము వసారాలో కూర్చుండగా, లోపల మాకు బదులు మఱియొకరు లేవవలసి వచ్చెను. రాత్రి ఏడున్నరకు మా వారు తామే వడ్డించుకొని పిల్లలకును వడ్డించిరి. మొదటినాడు సాంబారు చాపమీద ఒలికినది. మూడవనాడు ఒలుకలేదు.

నెల ముగిసెను. 71 కిలోలు 68 కిలోల 200 గ్రాములైనది. పెట్టెలు ఆగినవి, శ్రావణము వచ్చెను. మంగళవారపు నోములు, శుక్రవారపు పూజలు, పులిహోర, పూర్ణములు; మరల మేము అందరి వెనుకను, గిన్నెల అడుగునను. దసరానాటికి 70 కిలోలు దాటితిమి. 8,400 రూపాయల పట్టీలు నీట గలిసినవని ఒక రాత్రి ఏడ్చితిమి కూడ.

అప్పుడు అత్తగారు పలికిన మాటను మేమెదురు చూడలేదు. "ఆ క్యారేజీ వాడు చేసిందేమిటే? పన్నెండున్నరకి నిన్ను కూర్చోబెట్టాడు. అంతేగా! కూర్చో, నేను పెడతాను" అనిరి. అరువదియెనిమిదేండ్ల యామె నాటినుండి నేటివఱకు పూజను అరగంట ముందుకు జరుపుకొని, మధ్యాహ్నము మాకు వడ్డించి, తామును మాతోనే తినుచున్నారు. గరిటె లెక్క వారిదే. మేము మరల చేయి చాచినచో వినబడనట్లుందురు.

కొలతలకు హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2024లో ప్రకటించిన పట్టికను చూచుకొంటిమి. దినమునకు 2,000 కాలరీల భోజనములో ధాన్యములు 250 గ్రాములు, కూరగాయలు 400, నూనె నెయ్యి కలిసి 27 గ్రాములని వారి లెక్క. మేము డాక్టరమ్మగారి ననుమతి యడిగి ధాన్యమును 160కి దింపి, కూరలను అట్లే యుంచితిమి. ఇంట అయిదుగురికి నెలకు ఆరు లీటర్లగుచుండిన నూనె నాలుగింటికి వచ్చినది. చక్కెర వ్యాధికి మందులు వాడువారు, గర్భిణులు, పాలిచ్చు తల్లులు ఇట్టివి తమంత తాము చేయరాదు.

మాఘమాసమున త్రాసెక్కగా 66 కిలోల 400 గ్రాములు. నెత్తురులోని సంఖ్య 5.8కి దిగినది, గడప యింకను దాటి వెలుపలికి రాలేదు. నడుము 88, ఎనుబది యింకను దూరమే. మేడమెట్లు మాత్రము కమ్మి పట్టుకొనకుండ ఎక్కుచున్నాము. ఖాళీ పెట్టెలు నలుబదియెనిమిదింటిని అత్తగారు కడిగి, ఎండబెట్టి, మడి సంగతి మఱచి, పోపుదినుసులకు వాడుచున్నారు.

నిన్నటి రాత్రి అబ్బాయి అలవాటుచొప్పున సగము దోసె విడిచి, కంచమును మా వైపు జరిపెను. మా వారు దానిని మరల వాని వైపునకు జరిపిరి. యవల జావ కొలత యడిగిన సోదరీమణులకు వచ్చు సంచికలో వ్రాసెదము.