టికెట్టిచ్చే చేయి ఎవరిది?

ఎన్నికలొచ్చినప్పుడల్లా ‘ఓటే మీ ఆయుధం’ అని మనకి చెబుతారు. ఆ ఓటు పెట్టెలో పడేలోపలే అసలు ఎన్నిక అయిపోతోందన్న అనుమానం నాకు చాలాకాలంగా వుంది. అమెరికా దక్షిణాది రాష్ట్రం మిసిసిపి చరిత్ర చదివాక అది బలపడింది.

అక్కడ పార్టీ అభ్యర్థిని ప్రైమరీ అనే ముందస్తు ఎన్నికలో ఓటర్లే ఎంచుకుంటారు. వినడానికి బాగానే వుంది. కానీ దక్షిణాదిలో దశాబ్దాలపాటు డెమొక్రాటిక్ పార్టీ ఒక్కటే రాజ్యమేలింది. దాని ప్రైమరీలో గెలిస్తే ఎన్నిక గెలిచినట్టే. ఆ ప్రైమరీలోకి నల్లజాతివాళ్ళని రానివ్వలేదు. టెక్సాస్ కేసులో 1944లో సుప్రీంకోర్టు ఇది చెల్లదంది. అయినా చదువు పరీక్షలూ, ఓటు పన్నూ, బెదిరింపులూ మిగిలాయి. 1920లో స్త్రీలకి వచ్చిందన్న ఓటుహక్కు దక్షిణాది నల్లజాతి స్త్రీలలో అత్యధికుల దాకా రానేలేదు.

ఫానీ లూ హేమర్ పత్తితోటలో పనిచేసిన మనిషి. 1962లో ఓటరుగా నమోదుకి వెళ్ళిందని, పద్దెనిమిదేళ్ళు పనిచేసిన తోట నుంచి యజమాని వెళ్ళగొట్టాడు. 1963లో జైల్లో చావగొట్టారు. 1964లో ఆమె డెమొక్రాటిక్ ప్రైమరీలోనే పోటీచేసి ఓడిపోయింది. ఆ ఆగస్టులో అట్లాంటిక్ సిటీలో జరిగిన పార్టీ మహాసభకి సహచరులతో వెళ్ళి, అందరూ తెల్లవాళ్ళే అయిన మిసిసిపి ప్రతినిధి బృందాన్ని సవాలు చేసింది. పెద్దలు రెండు సీట్లిస్తామన్నారు. ఎవరికన్నదీ వాళ్ళే తేల్చారు. ఇద్దరూ పురుషులే! హేమర్ బృందం ఆ భిక్షని తిరస్కరించింది.

1965లో ఓటుహక్కుల చట్టం వచ్చింది. తెల్లవాళ్ళు క్రమంగా రిపబ్లికన్ పార్టీకి తరలిపోయారు. 1976 తర్వాత 2024 దాకా అధ్యక్ష ఎన్నికల్లో మిసిసిపి డెమొక్రాట్లని గెలిపించలేదు. ఇప్పుడు రిపబ్లికన్ ప్రైమరీయే చాలాచోట్ల అసలు ఎన్నిక. 2014లో సెనేటు సీటుకి ఆ పార్టీ రెండో విడత ప్రైమరీలో ఎందరో నల్లజాతి ఓటర్లు, తమ పార్టీ కాకపోయినా, ఓటేసి థాడ్ కాక్రన్‌ని గట్టెక్కించారు. వున్నవాళ్ళలో తక్కువ కీడు చేసేవాణ్ణి ఎంచుకోవడమే వాళ్ళకి మిగిలింది. ఆ రాష్ట్రం నుంచి దేశ చట్టసభకి మొదటి స్త్రీ వెళ్ళింది 2018లో!

జెండా మారినా, గడప దగ్గర కాపలా వుంటూనే వుందన్నమాట.

మన దగ్గర ఆ పాటి ప్రైమరీ కూడా లేదు. బి-ఫారం మీద సంతకం పెట్టే చేయి ఎవరిదో మనకి తెలుసు. 2023లో స్త్రీలకి మూడోవంతు సీట్ల చట్టం చేశారు గానీ, అమలుని జనాభా లెక్కలకీ, నియోజకవర్గాల పునర్విభజనకీ ముడిపెట్టారు. రేపు ఆ సీట్లొచ్చినా, ఏ స్త్రీకివ్వాలో మూసిన గదిలోనే తేలిస్తే అవి అట్లాంటిక్ సిటీ రెండు సీట్లే అవుతాయి. అందుకే ఓట్లడగడానికొచ్చే ప్రతి పార్టీనీ ముందుగా ఒకటడుగుదాం: మీ అభ్యర్థుల్ని ఎంచే కమిటీలో స్త్రీలెందరు? అందులో దళిత, ఆదివాసీ, ముస్లిం స్త్రీలెందరు?